మా గోడల చరిత్ర

నేను సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్పే టీచర్ను. మా ఇంటాపులో గానీ, అత్తగారి ఇంటాపులో గానీ డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. మాది జనగామ పక్క పల్లె. మాదిగవాడలో పుట్టిన.

పోయినేడు ఒకరోజు అజంతా చిత్రాల పాఠం చెప్తున్న. శాతవాహనుల కాలంలో కొన్ని గుహలు, వాకాటకుల కాలంలో మిగతావి అని బోర్డు మీద రాసిన. లేపాక్షి గోడల మీద అచ్యుతరాయల కాలంలో, అంటే 1530ల ప్రాంతంలో వేసిన బొమ్మల గురించి కూడా చెప్పిన. చివరి బెంచీలోంచి ఒక ఆడపిల్ల లేచి నిలబడి అడిగింది: "టీచర్, మా ఇంటి గోడకు కూడా చరిత్ర ఉంటదా?"

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పదిహేనేండ్లు పుస్తకాలు చదివి, పన్నెండేండ్లు పాఠాలు చెప్పిన నేను, ఆ ప్రశ్న నన్ను నేను ఒక్కసారి కూడా అడుక్కోలేదు. చరిత్ర అంటే రాతిగోడలదని, రాజుల గోడలదని నాకూ నేర్పిండ్రు. నేనూ అదే నేర్పుతున్న. వాన కురిస్తే కరిగిపోయే మట్టిగోడకు చరిత్ర ఏముంటది?

ఉంటది. అది చెప్పడానికే ఇది రాస్తున్న.

మా నాయినమ్మ ఇల్లు మట్టిల్లు. పైన తాటికమ్మలు. తలుపు అంటే తడక. చెరువు మన్ను తెచ్చి, అందులో వరిపొట్టు, తరిగిన గడ్డి కలిపి, కాళ్లతో తొక్కి, రెండు రోజులు నానబెట్టి గోడ పెట్టేది. ఆరినాక పెండతో అలికేది. దసరా వస్తుందంటే గుట్ట కింద తవ్వుకొచ్చిన జాజును నీళ్లలో నానేసి, పాత గుడ్డ ముంచి గోడ అడుగున మోకాలెత్తు వరకు పూసేది. ఆ ఎర్ర పూత మీద సున్నంలో వేళ్లు ముంచి చుక్కలు పెట్టేది. ఐదు వేళ్లు ఒక్కసారే ఆనిస్తే ఐదు చుక్కలు. నిలువుగా లాగితే గీతలు. ఆమెకు కుంచె లేదు, ఆమె చెయ్యే కుంచె.

తర్వాత నేను చదువుకున్నదేమిటంటే, అజంతాలో బొమ్మలు వేసిన పూత కూడా మట్టే. బంకమన్నులో రాతి ఇసుక, వరిపొట్టు, గడ్డి, నారలు కలిపి గోడకు మెత్తి, దాని మీద పల్చగా సున్నం పూసి, ఆ పైన రంగులు వేసిండ్రు. ఎరుపు జాజురాయి నుంచి వచ్చింది. నలుపు దీపపు మసి. తెలుపులో సున్నమూ ఉంది. అంటే మా నాయినమ్మ ఏటేటా తొక్కిన మన్ను, పూసిన జాజు, ముంచిన సున్నం అవే. కాకపోతే అక్కడ కొండ కాపాడింది. ఇక్కడ తాటికమ్మలు కాపాడలేకపోయినయి. అది కళ అయింది, ఇది అలుకు అయింది. ఈ మాట ఏ శిక్షణలోనూ నాకు ఎవరూ చెప్పలేదు.

సున్నం గురించి ఇంకొక మాట చెప్పాలె. మా ఇంట్లో సున్నానికి కరువు లేదు. కానీ అది గోడకు కాదు, లందకు. మా తాత తోళ్లు ఊనేటోడు. పచ్చితోలును సున్నపు నీళ్లలో రోజుల తరబడి నానేస్తే బొచ్చు ఊడుతది. దాన్ని గీకి, కడిగి, తంగేడు చెక్క నీళ్లలో ఊరబెడితే తోలవుతది. ఆ తోలుతోనే ఊరికి చెప్పులు, మోటబొక్కెనలు, డప్పులు. సున్నం నీళ్లకు మా తాత చేతులు పగిలి తెల్లగ పాలిపోయి ఉండేవని నాయిన చెప్తడు. చేతులైతే తెల్లగైనయి, గోడలు మాత్రం ఎర్రమన్నుగనే ఉన్నయి.

గోడలకు సున్నం ఎవరివి? దొర గడీవి. మా దిక్కు గడీలు డంగు సున్నంతో కట్టినవి. గానుగలో తిరిగి తిరిగి వెన్నలాగ నలిగిన సున్నం అది. నిజాం కాలంలో గడీకి సున్నం మోసేది, పండుగకు పండుగకు గోడలకు వెల్ల వేసేది మా వాళ్లే. వెట్టికి. కూలి లేదు. మా నాయినమ్మ అత్త తలమీద సున్నపు తట్ట మోస్తుంటే కంట్లో సున్నం పడి ఒక కన్ను పోయిందట. ఆ మాట మా ఇంట్లో ఒక కథలాగ చెప్పుకునేది కాదు. "ఒంటికంటి ముసలామె" అని పేరు చెప్పేటప్పుడు మాత్రం వచ్చేది.

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు ఒరిగిపోయిండు. ఆ ఊరు మాకు దూరం కాదు. విసునూరు దొర గడీ గురించి చెప్పుకోని ఊరు మా దిక్కు లేదు. వెట్టి పోయింది, 1949లో జాగీర్లు రద్దయినయి. పుస్తకంలో ఇంతవరకు ఉంది. గడీకి వెల్ల వేసిన చేతులు తమ గోడకు వెల్ల ఎప్పుడు వేసుకున్నయో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

రంగు అంటే అందం అని అనుకుంటరు. రంగు అంటే హద్దు కూడా. అంబేద్కర్ 1936లో అచ్చు వేసిన కులనిర్మూలన ఉపన్యాసంలో ఇండోర్ సంస్థానంలోని బలాయీల సంగతి చెప్పిండు. 1928లో అక్కడి అగ్రకులాలు వాళ్లకు షరతులు పెట్టినయి. జరీ అంచు తలపాగ చుట్టవద్దు, రంగు అంచు ధోతి కట్టవద్దు, ఇంకా ఎన్నో. మొదటి రెండూ బట్టల మీది రంగు గురించే అన్నది చూడండి. కూలి గురించి కాదు, భూమి గురించి కాదు, ముందు అంచు గురించి. ఎందుకంటే రంగు దూరం నుంచి కనిపిస్తది. దూరం నుంచి చూసినప్పుడే మనిషి ఎవరో తెలిసిపోవాలె అన్నది వాళ్ల లెక్క.

మా ఊళ్లో అట్ల రాసిపెట్టిన షరతు ఏదీ లేదు. రాయాల్సిన అవసరం లేకుండనే అందరికీ తెలుసు.

మా గోడ మీద మొదట రంగుతో రాసింది మేము కాదు. 1980లో పీపుల్స్ వార్ ఏర్పడినాక మా దిక్కు రాత్రిపూట గోడల మీద రాతలు పడేవి. ఆ రాతలు కూడా జాజుతోనే. ఒకనాడు తెల్లారేసరికి మా గోడ మీద బారెడు బారెడు అక్షరాలు ఉన్నయట. మా తాతకు చదువు రాదు. అక్షరాలు అందంగ ఉన్నయని చూసుకుంట నిలబడ్డడట. పొద్దెక్కినాక పోలీసులు వచ్చిండ్రు. "ఏం రాసుందిరా?" అని అడిగిండ్రు. "నాకేం ఎరుక సారూ" అన్నడు. తాను చదవలేని మాటలకు ఆయన దెబ్బలు తిన్నడు. నాయినమ్మతోటి పెండ తెప్పించి అలికించిండ్రు. గోడ మాది, రాత వాళ్లది, దెబ్బలు మా తాతవి. వానాకాలం వచ్చి పెండ పూత కరిగినప్పుడల్లా కింది నుంచి ఎరుపు తేలేదట. నాయినమ్మ మళ్లీ అలికేది, అది మళ్లీ తేలేది.

తర్వాత ఎలక్షన్ల గుర్తులు వచ్చినయి. తలకిందుల ఎర్ర త్రికోణం వచ్చింది. పటేలు ప్రహరీ మీద రాయాలంటే అడగాలె. మా గోడకు అడిగేది ఏముంది?

మా గోడ మీద ఏముండాలో మేము అనుకున్నది 1991లో. అంబేద్కర్ నూరేండ్ల పండుగ ఏడు అది. అంతకు ముందటేడే, 1990లో, ఆయనకు భారతరత్న ఇచ్చిండ్రు. మా వాడ యువకులు చందాలు వేసుకొని జనగామ పోయి ఫొటోలు తెచ్చిండ్రు. మా నాయిన కూడా ఒకటి తెచ్చిండు. నీలం కోటు, చేతిలో పుస్తకం. గోడకు కొట్టబోతే అమ్మ ఆపిందట. "గసోంటి మనిషిని ఈ మసిగోడకు పెడ్తవా? ముందు సున్నమెయ్యి."

నాయిన సున్నపు రాళ్లు తెచ్చిండు. పెద్ద కుండల పోసి నీళ్లు పోస్తే అది బుసబుస పొంగి ఉడికింది. రాత్రంత చల్లారనిచ్చి, పొద్దున గుడ్డలో వడగట్టి, గోడకు పట్టి ఉండటానికి తుమ్మబంక నానేసి కలిపిండు. కిరాణం దుకాణంలో నీలిమందు పొట్లం కొని అందులో వేసిండు. ఈత మట్టను దంచి కుంచె చేసిండు. రెండు పూతలు వేసేసరికి గోడ తెలుపు కాదు, నీలం కాదు, తెల్లవారుజామున ఆకాశం ఉన్నట్టు ఉందని అమ్మ ఇప్పటికీ చెప్తది. నాకప్పుడు నాలుగేండ్లు. నాకు గుర్తున్నది ఒక్కటే, గోడకు ఆనుకుంటే వీపు తెల్లగ అయ్యేది.

ఆ నీలం గురించి చెప్పకుండ ముందుకు పోలేను. అజంతా గోడల మీద నీలం లాపిస్ లాజులి అనే రాయి నుంచి వచ్చింది. ఆ రాయి ఈ దేశంలోది కాదు, అఫ్ఘనిస్తాన్ దిక్కు నుంచి రావాలె. రాజులు, షావుకార్లు తప్ప ఎవరూ కొనలేని రంగు. 1820లలో ఫ్రాన్సులో ఆ నీలాన్నే మందులతో తయారు చేయడం నేర్చిండ్రు. బట్టలకు పెట్టే నీలిమందు అదే. వెయ్యేండ్ల పైన రాజుల గోడల మీద మాత్రమే ఉన్న నీలం, కాగితం పొట్లంలో మా గుడిసెకు వచ్చింది. 1942లో అంబేద్కర్ షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ పెట్టినప్పుడు దాని జెండా నీలం. మా నాయినకు ఆ సంగతి అప్పుడు తెల్వదు. ఫొటోలో కోటు నీలం ఉంది గనక నీలిమందు ఒక చెంచా ఎక్కువేసిండు, అంతే.

మూడో రోజు పటేలు వాడ మీదుగ పోతూ ఆగిండట.

"ఏందిరా, దూరం నుంచి చూసి మా బావి కాడి ఇల్లే అనుకున్న. మాదిగింటికి సున్నాలా?"

"పండుగ కదా పటేలా" అన్నడు నాయిన.

"ఏం పండుగరా?"

నాయిన ఫొటో దిక్కు చూపించిండు. పటేలు ఏమీ అనకుండ పోయిండు. తిట్టలేదు, కొట్టలేదు. ఆ ఏడు వానాకాలం నాట్లకు మా అమ్మను పిలవలేదు. నాయినను మోటకు పిలవలేదు. అడగబోతే "ఇంటికి సున్నమేసుకునేటోనికి కూలెందుకురా" అన్నడట. ఆ మాట ఊరంతా తిరిగింది. ఎక్కడ పనికి పోయినా అదే మాట. నాలుగు నెలలు అమ్మ పక్కూరికి నడిచిపోయి నాట్లేసింది. అప్పుడు నాయిన అన్నడట, "జాజు పూసుకుందాం తీయే, పీడ పోతది" అని. అమ్మ ఒప్పుకోలేదు. "కూలి పోయింది పోనే పోయింది. ఇప్పుడు సున్నం చెరిపితే రెండూ పోతయి."

ఆ గోడ అట్లనే ఉన్నది. మరుసటేడు దసరాకు మా వాడలో తొమ్మిదిండ్లు సున్నమేసుకున్నయి. తొమ్మిదిండ్లోల్లను పిలవకుంటే పటేలుకు నాట్లెట్ల పడ్తయి? పిలిచిండు. దీన్ని ఉద్యమం అని ఎవరూ అనలేదు. ఏ పేపర్లోనూ రాలేదు.

ఇక్కడ మా తప్పు కూడా ఒకటి చెప్పకపోతే నేను రాసేది అబద్ధమవుతది. మా వాడకు డక్కలోల్లు వచ్చేటోల్లు. మాదిగలను అడుక్కునే హక్కున్నోల్లు. వాళ్ల భుజం మీద చుట్టిన పటం ఉండేది. చేర్యాల నకాషీ వాళ్లు వేసిన పటం. గుడ్డకు గంజి, సుద్దమన్ను, చింతగింజల అంబలి పట్టించి, ఆరినాక దాని మీద ఎర్రటి నేల పరిచి బొమ్మలు వేస్తరు. అందులో భూమి కంటే ముందు పుట్టిన జాంబవంతుని కథ ఉంటది. అంటే మా కథే. ఆ పటం విప్పితే మా వాడ గోడ ఒక గుడిలాగ మారేది. కానీ కథ చెప్పినోన్ని మేము గడప దాటనియ్యలేదు. వాకిట్లోనే అన్నం పెట్టినం. మమ్మల్ని పటేలు ఎక్కడ నిలబెట్టిండో, మేము డక్కలోన్ని అక్కడే నిలబెట్టినం. మా గోడల చరిత్రలో ఆ గీత కూడా ఉంది.

నేను ఐదో తరగతిలో ఉండంగ మాకు ఇందిరా ఆవాస్ కింద కాలనీ ఇల్లు వచ్చింది. ఒక అర్ర, స్లాబు, ఒక దర్వాజ. వరుసకు వరుస ఒకే తీరు ఇండ్లు. గోడ మీద పథకం పేరు, లబ్ధిదారు పేరు నల్లరంగుతో రాసిండ్రు. ఇల్లు అమ్మ పేరు మీద వచ్చింది. ఆమె నన్ను పిలిచి ఆ అక్షరాలు చదివించుకుంది. మూడుసార్లు చదివించుకుంది. తన పేరు గోడ మీద ఉండటం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఆ చెక్క దర్వాజకు రంగు వేయాలన్నప్పుడు ఇంట్లో లొల్లి అయింది. నాయిన నీలం అన్నడు. అమ్మ చిలకపచ్చ అన్నది. "నీలం గోడకుంది కదా, దర్వాజకు నా ఇష్టం." నాయిన ఎందుకని అడిగితే, "పుట్టినకాంచి మందికే పచ్చగ నాట్లేసిన. మనకు గుంట భూమి లేదు. దర్వాజన్న పచ్చగుండనీ" అన్నది. చిన్న డబ్బా రంగు తెచ్చి ఆమే వేసింది. కింద కడపకు పసుపు, పక్కలకు సున్నపు చుక్కలు, నాయినమ్మ పెట్టినట్టే. ఒకే తీరు ఇండ్లల్ల మా ఇల్లు ఏదంటే "పచ్చ దర్వాజ ఇల్లు" అనేటోల్లు. అంతకుముందు మా ఇంటికి ఉన్న గుర్తు లంద వాసన. అప్పటికి రబ్బరు చెప్పులొచ్చి లంద కూడా ఎత్తిపోయింది.

ఇంకొన్నేండ్లకు నేను ఆ పచ్చ దర్వాజలోంచి కాలేజీకి పోయిన. 2012 డీఎస్సీలో టీచర్ అయిన. మండల కేంద్రంలో కిరాయికి ఇల్లు తీసుకున్నం. కొత్తగ రంగులేసిన ఇల్లు. ఇంటామె మంచిగనే మాట్లాడింది. "మీరేమిట్లు?" అని అడిగితే మా ఆయన, "టీచర్లమండి" అన్నడు. ఆమె నవ్వి ఊరుకుంది. ఏప్రిల్ 14 వచ్చింది. ముందు అర్రలో అంబేద్కర్ ఫొటో పెట్టి దండ వేసిన. సాయంత్రం ఆమె ఏదో పనికి లోపలికి వచ్చి, ఫొటో చూసి, నీళ్లు కూడా తాగకుండ పోయింది. వారం తిరగకముందే "మా చుట్టాలు దిగుతున్నరమ్మా, మీరు వేరే చూసుకోండి" అన్నది.

నెల తర్వాత నా పేరు మీద ఉత్తరమేదో వచ్చిందంటే తీసుకుందామని పోయిన. చుట్టాలెవరూ దిగలేదు. ఇల్లంతా మళ్లీ సున్నమేసి ఉంది. గోడకు మరక లేదు, గీత లేదు, నేను పోయేటప్పుడు తుడిచి అప్పజెప్పిన గోడ అది. కడపకు కొత్త పసుపు. సున్నం వాసన గుప్పున కొట్టింది. మా తాత లంద వాసన, మా నాయిన కుండలో పొంగిన వాసన. మా అమ్మకు ఆ సున్నం మర్యాద. ఈ ఇంటామెకు అదే సున్నం మైల కడుక్కునే మందు. ఉత్తరం తీసుకొని ఏమీ అనకుండ వచ్చిన. ఎందుకు అనలేదని ఇప్పటికీ నన్ను నేను అడుక్కుంట.

2021లో జనగామలో బ్యాంకు అప్పుతోటి సొంతిల్లు కట్టుకున్నం. పెయింటరు రంగుల పుస్తకం ముందర పెట్టిండు. వందల రంగులు. మా తాతలకు రెండే రంగులు, నాకు వందలు. నేను ఏది ఎంచుకున్న? క్రీం రంగు. పక్కిండ్లన్నీ క్రీం రంగే. తలుపుకు చెక్క రంగు పాలిష్. ఫొటో పడక అర్రలో పెట్టిన. "హాల్లో టీవీ వస్తది, జాగ లేదు" అని మా ఆయనకు చెప్పిన. అసలు సంగతి ఇద్దరికీ తెలుసు.

గృహప్రవేశానికి అమ్మ వచ్చింది. రెండర్రలు తిరిగింది, మెట్లెక్కింది, దిగింది. బయట నిలబడి తలుపు దిక్కు చూసి అడిగింది.

"ఇది ఎవరి ఇల్లు బిడ్డా?"

"మనదే కదనే అమ్మా."

"మనదైతే మనదిలెక్క లేదేందే మరి?"

నాకు జవాబు రాలేదు. నాలుగు నెలలు కూలి పోయినా సున్నం చెరపని మనిషి ఆమె. నెల నెలా జీతమొచ్చే నేను ఎవరూ అడగకముందే చెరుపుకున్న. పటేలు లేడు, ఇంటామె లేదు, గోడ నాది, అప్పు నాది. భయం మాత్రం ఇంకా కిరాయికే ఉంది నాలో.

తలుపు మార్చడానికి నాకు మూడేండ్లు పట్టింది. బడిలో ఆ పిల్ల ప్రశ్న అడిగిన తర్వాతి ఆదివారం పెయింటరును పిలిచిన. "మేడం, ఇంత మంచి పాలిష్ మీద చిలకపచ్చనా? పల్లెటూరి ఇల్లు లెక్క ఉంటది" అన్నడు. "పల్లెటూరి ఇల్లే, వెయ్యి" అన్న. ఫొటో తెచ్చి హాల్లో, తలుపు తీస్తే ఎదురుగ కనిపించేటట్టు పెట్టిన. ఆ తర్వాత పక్కింటామె ఒకసారి వచ్చి వాకిట్లోనే మాట్లాడి పోయింది. ఎదురింటామె లోపలికి వచ్చి చాయ్ తాగింది. రెండూ రాస్తున్న, ఎందుకంటే రెండూ నిజమే.

బడిలో పిల్లలకు ఒక పని ఇచ్చిన. మీ ఇంట్లో పెద్దోల్లను అడిగి మీ ఇంటి గోడ చరిత్ర రాసుకొని రండి అన్న. మట్టిది ఎప్పుడు, సున్నం ఎప్పుడు, రంగు ఎప్పుడు, ఎవరేసిండ్రు, ఎవరేమన్నరు. ముప్పై నాలుగు నోటుబుక్కులు వచ్చినయి. చాకలోల్ల పిల్లగాడు, లంబాడీ పిల్ల, పటేలింటి పిల్లగాడు, అందరూ రాసిండ్రు. పటేలింటి పిల్లగాడు రాసిన దాంట్లో ఒక వాక్యం ఉంది. మా తాత ఇంటికి సున్నం ఎవరేసిండ్రో మా ఇంట్లో ఎవరికీ తెల్వదని రాసిండు.

దాని కింద నేను ఎర్ర పెన్నుతో రాసిన: "కనుక్కొని రా."